లక్కపై నిలిచిన గళములు: కలకత్తా రికార్డుల కథ

పాట గాలిలో పుట్టి గాలిలోనే లయించును. పందొమ్మిదవ శతాబ్దము చివరివరకు ఎంతటి గాయకుని కంఠమైనను విన్నవారి జ్ఞాపకమున తప్ప మరెచ్చటను నిలువలేదు. త్యాగరాజస్వామి కీర్తనలు శిష్యపరంపర వలన మనకు దక్కినవి. ఆ మహానుభావుని గళము మాత్రము దక్కలేదు. క్షేత్రయ్య పదములు మిగిలినవి. వానిని ఆయన స్వయముగా ఏ తీరున పలికెనో చెప్పగలవారు లేరు. 1877లో ఎడిసన్ ధ్వనిని గ్రహించి మరల పలికించు యంత్రమును నిర్మించినప్పుడు ఈ స్థితి మారుటకు ఆరంభమైనది. 1887లో ఎమిల్ బెర్లినర్ చదునైన పళ్లెముపై ధ్వనిని గీతలుగా నిలుపు పద్ధతికి హక్కును పొందిన పిమ్మట పాట క్రమముగా అంగడిలో కొనదగిన వస్తువైనది.

ఈ నల్లని పళ్లెము భారతదేశమున తొలుత వేరూనిన నగరము కలకత్తా. 2001లో కోల్‌కతా అని అధికారికముగ పేరు మారిన ఈ నగరమున, ఒకే కర్మాగారములో, ఒకే ముద్దనుండి బెంగాలీ గీతములును, తెలుగు పద్యములును, ఆంగ్లేయుల పాటలును తయారైనవి. ఇది మన పాట, అది పరాయి పాట యని మనము వేరుచేసి చెప్పుకొందుము. కాని ఆ పాటలన్నింటికిని చాలకాలము దేహము ఒక్కటే. ఆ దేహము నేడు శిథిలమగుచున్నది గనుక ఈ చరిత్రను మరల తలచుకొనుట అవసరము.

లండనులో 1898లో స్థాపింపబడిన గ్రామఫోను కంపెనీ కొలది సంవత్సరములలోనే కలకత్తాలో తన శాఖను తెరచెను. 1902 సంవత్సరాంతమున ఆ కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు యంత్రసామగ్రితో ఇచ్చటికి వచ్చెను. నవంబరు మాసమున అతడు స్థానిక నాటకశాలల గాయనుల పాటలను, పిదప సుప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను మైనపు పలకలపైకి ఎక్కించెను. ఆ పలకలు ఓడలో జర్మనీ దేశపు హానోవర్ నగరమునకు పోయి, అచ్చట రికార్డులుగా ముద్రింపబడి మరల ఇచ్చటికి చేరవలెను. పేరు తారుమారు కాకుండుటకై గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరును ఆంగ్లమున తానే ప్రకటించుచుండెను. ఆ పలుకు ఆమె రికార్డులకు ముద్ర వలె నిలిచిపోయినది.

ఆ పాటలలో గమనింపదగిన విషయము మరొకటి కలదు. పది అంగుళముల పళ్లెము ఒకవైపున సుమారు మూడు నిమిషముల గానమే పట్టును. గంటసేపు విస్తరింపదగిన రాగమును మూడు నిమిషములలో ముగింపవలసి వచ్చినది. ఆలాపన తగ్గినది, పల్లవి త్వరగా వచ్చినది, ముగింపు ముందే నిశ్చయింపబడినది. లోకమంతటను సామాన్యజనులు పాడుకొను పాట నేటికిని మూడు నాలుగు నిమిషములకు మించకుండుటకు మూలము ఈ పళ్లెపు వెడల్పులోనే యున్నది. సంగీతశాస్త్రము విధింపని నియమమును యంత్రము విధించినది.

ఓడలపై రాకపోకలు ఖర్చుతోను ఆలస్యముతోను కూడినవి. కావున గ్రామఫోను కంపెనీ 1908లో కలకత్తా సియాల్దా ప్రాంతమున రికార్డుల కర్మాగారమును నెలకొల్పెను. 1928లో అంతకంటె విశాలమైన కర్మాగారము డమ్‌డమ్‌లో వెలసెను. గ్రామఫోను బాకా ముందు కూర్చున్న కుక్కబొమ్మతో దేశమంతట ఇంటింటికి చేరిన రికార్డులు ఇచ్చటినుండియే బయలుదేరినవి.

కర్మాగారమునకు ఈ నగరమునే ఎన్నుకొనుటకు బలమైన కారణమున్నది. రికార్డునకు వలయు ముఖ్యద్రవ్యము లక్క. కుసుమ, మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై సూక్ష్మకీటకములు స్రవించు జిగురే లక్క. దీనికి ప్రపంచమున పెట్టనికోట ఛోటానాగపురపు అడవులు. ఎగుమతికి రేవు కలకత్తా. ఈ ద్రవ్యమునకు గల ప్రాముఖ్యమును గుర్తించియే 1924లో రాంచీ సమీపమున నామ్‌కుమ్ వద్ద లక్క పరిశోధనాలయమును స్థాపించిరి. తెలుగువారికి లక్క క్రొత్త వస్తువు కాదు. భారతములోని లక్కయింటి కథను ఎరుగనివారు లేరు. వరాహనది యొడ్డునగల ఏటికొప్పాకలో కొయ్యబొమ్మలకు నేటికిని లక్కరంగులే వన్నె తెచ్చుచున్నవి. ఆ లక్కను శుద్ధిచేసి, మెత్తని రాతిపొడిని, మసిని, నూలుపీచును చేర్చి, వేడిచేసి ముద్దగా కలిపి, కాగిన రెండు అచ్చుల నడుమ నొక్కినచో అచ్చుపైనున్న సన్నని గట్లు ముద్దపై గాడులుగా దిగును. చల్లారిన పిమ్మట అదియే రికార్డు. సూది ఆ గాడివెంట పరుగిడునపుడు పుట్టు కదలికయే మరల పాటయగును.

ఆ కాలమున అమెరికాలో పాడిన పాటకైనను, ఐరోపాలో పాడిన పాటకైనను ఆధారము భారతదేశపు లక్కయే. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ సంగతి లోకమునకు స్పష్టముగా తెలియవచ్చినది. యుద్ధావసరములకు లక్క కావలసి వచ్చుటచేతను, సముద్రమార్గములు అపాయకరము లగుటచేతను, 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డుల తయారీలో లక్క వాడకమును 70 శాతము తగ్గింపవలెనని ఆజ్ఞాపించెను. క్రొత్త రికార్డు కొరకు ప్రాత రికార్డులను కరగింపవలసి వచ్చినది. ఛోటానాగపురపు అడవులలో కొమ్మలు కొట్టి లక్కను గీయు శ్రామికుని చేతికిని, అమెరికా గాయకుని కంఠమునకును గల సంబంధము ఇంతటిది. ఆ ఇరువురును ఒకరినొకరు ఎరుగరు.

ద్రవ్యము వలెనే యంత్రము కూడ పాట స్వరూపమును మార్చినది. తొలినాళ్లలో గాయకుడు పెద్ద బాకాలోనికి బిగ్గరగా పాడవలెను. మెల్లగా పాడిన గొంతు మైనముపై గీత గీయజాలదు. 1925 ప్రాంతమున మైక్రోఫోను వచ్చినది. అది మొదలు గుసగుస సైతము రికార్డుపై నిలువసాగినది. వెనుక వరుసలో కూర్చున్న ప్రేక్షకుని వరకు పద్యమును విసరవలసిన మన రంగస్థల నటులకు హెచ్చుశ్రుతి యొక అవసరము. స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య మొదలగువారి రికార్డులలో ఆ రంగస్థలపు విస్తారము నేటికిని వినవచ్చును. మైక్రోఫోను ఎదుట పెరిగిన గాయకులకు ఆ అవసరము తీరిపోయినది. 1932లో కలకత్తా హిందుస్థాన్ రికార్డుల ద్వారా వెలుగులోనికి వచ్చిన కుందన్‌లాల్ సైగల్ పాటలు ఒక్క శ్రోత చెవిలో పాడినట్లుండును. ఈ మెత్తదనమే లలితగానమునకు పునాది.

తెలుగువారికిని కలకత్తా ధ్వనియంత్రములకును ఉన్న బాంధవ్యము ఆ దశాబ్దముననే దృఢపడినది. కలకత్తా ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ వారు సి. పుల్లయ్యగారి దర్శకత్వమున 1933లో 'సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను నిర్మించిరి. నటీనటులు తెలుగునాటినుండి రైలులో ఈ నగరమునకు వచ్చి, కెమెరా ఎదుట నిలిచి, తమ పాటలను తామే పాడవలసిన రోజులవి. నేపథ్యగానమను పద్ధతి 1935లో ఈ నగరముననే న్యూ థియేటర్సు వారి చిత్రములతో ఆరంభమైనది. తెలుగు రికార్డులు అన్నియు ఒకే కంపెనీవి కావు. ఐనను కుక్కబొమ్మ రికార్డులు మాత్రము కలకత్తానుండియే తెలుగు పల్లెలకు పోయినవి. కరుణశ్రీ పద్యములను ఘంటసాల పాడిన 'పుష్పవిలాపము' రికార్డు ఆంధ్రదేశమున ఎన్ని పెండ్లిపందిళ్లలో, ఎన్ని తిరునాళ్లలో మ్రోగెనో లెక్కింప శక్యము కాదు.

ఇదే కాలమున సముద్రమునకు ఆవల మరియొక పాట రికార్డుపైకి ఎక్కుచుండెను. 1927లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రపు బ్రిస్టల్ అను చిన్నపట్టణమున విక్టర్ కంపెనీ వారు కొండప్రాంతపు గాయకుల పాటలను గ్రహించిరి. కార్టర్ కుటుంబమువారును, జిమ్మీ రోజర్స్ అను గాయకుడును అచ్చటనే తొలిసారి యంత్రము ఎదుట నిలిచిరి. జిమ్మీ రోజర్స్ అంతకుముందు రైల్వేలో బ్రేకులు చూచు ఉద్యోగి. క్షయరోగముచే ఆ కొలువును విడిచి, ఊరూర పాడుకొనుచు, 1933లో ముప్పదియైదేండ్ల ప్రాయముననే మరణించెను. రైలుకూత, ఇల్లు విడిచిన వాని దిగులు, పోయిన తల్లి జ్ఞాపకము, ఇవియే కంట్రీ అనబడు ఆ పల్లెపాటకు వస్తువులు.

ఆఫ్రికా సంతతి అమెరికనుల చర్చిగానము నుండి మరొక శాఖ వెలువడినది. 1950ల దశకమున రే చార్లెస్, శామ్ కుక్ మొదలగువారు ప్రార్థనగీతపు ఆవేశమును ప్రేమగీతములలోనికి తెచ్చిరి. దైవమునకు చెల్లవలసిన స్వరమును మానవప్రేమకు వాడుట అపచారమని వారిని కొందరు నిందించిరి. భక్తిని శృంగారమును ఒకే పల్లవిలో పలికించిన అన్నమయ్యను, క్షేత్రయ్యను ఎరిగిన తెలుగువానికి ఈ వివాదము వింతగా తోచును. ఈ గానమే సోల్ అను పేర ప్రసిద్ధి చెందినది. 1962లో రే చార్లెస్ శ్వేతజాతివారి సొత్తుగా భావింపబడిన కంట్రీ గీతములను తన శైలిలో పాడి ఒక పెద్ద రికార్డును వెలువరించి ఘనవిజయమును పొందెను. జాతిభేదము చట్టరూపమున ఇంకను నిలిచియున్న ఆ దేశమున, రెండు శాఖల పాటలను ఒక్క గొంతు కలిపినది. 1970లలో కార్పెంటర్స్ మొదలగువారి మృదువైన పాటలకు సాఫ్ట్ రాక్ అను పేరు స్థిరపడినది. మూడింటికిని సామాన్యమైన లక్షణము ఒక్కటే: చిన్న మనిషి తన చిన్న దుఃఖమును దాచక చెప్పుకొనుట.

ఈ పాటలు కలకత్తాకు చేరుటకు మార్గము అప్పటికే సిద్ధమై యున్నది. గ్రామఫోను కంపెనీవారు విలాయతు నుండి అచ్చులను తెప్పించి డమ్‌డమ్‌లోనే ఆంగ్లగీతములను ముద్రించుచుండిరి. ఇతర దేశములలో లక్కరికార్డులు అంతరించి, ప్లాస్టికు రికార్డులు వాడుకలోనికి వచ్చిన 1960లలో సైతము ఇచ్చట నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్రాత పద్ధతి కొనసాగినది. విద్యుత్తు లేని ఇండ్లలో చేతితో కీ త్రిప్పు యంత్రములే యుండుట దీనికి ముఖ్యకారణము. అందుచేత బీటిల్స్ బృందమువారి పాటలు కూడ భారతదేశమున 78 చుట్ల రికార్డులుగా వెలువడినవి. ఇంగ్లండున అట్టివి వెలువడలేదు. నేడు ప్రపంచమునందలి సేకర్తలు వానికై వెదకుచున్నారు.

రేడియో రెండవ మార్గము. కలకత్తా కేంద్రమునుండి ప్రసారమైన 'మ్యూజికల్ బ్యాండ్‌బాక్సు' కార్యక్రమమునకై ఆంగ్లగీతప్రియులు ఎదురుచూచుచుండిరి. రేడియో సిలోను కూడ ఆ పాటలను వినిపించుచుండెను. ఈ నగరపు ఆంగ్లో ఇండియనుల ఇండ్లలో అందరికంటె ఎక్కువ ఆదరము పొందిన గాయకుడు జిమ్ రీవ్స్. టెక్సాసునకు చెందిన ఇతడు తొలుత హెచ్చుశ్రుతిలోనే పాడెను. పిదప శ్రుతిని దించి, మైక్రోఫోనునకు పెదవులు తాకునంత దగ్గరగా నిలిచి పాడు పద్ధతిని అవలంబించెను. 1959లో వెలువడిన 'హి విల్ హావ్ టు గో' అను పాట అతనికి విశ్వవిఖ్యాతిని తెచ్చినది. ప్రియురాలితో టెలిఫోనులో మెల్లగా మాట్లాడు మనిషి పలుకులే ఆ పాట. 1964 జూలై 31వ తేదీన అతడు నడుపుచున్న చిన్న విమానము కూలి నలువదియేండ్ల ప్రాయమున మరణించెను. అతని పాటలు మాత్రము భారతదేశమునను సింహళమునను తరువాతి తరములకును ప్రియములైనవి. సైగల్ గొంతులోని మెత్తదనమునకు అలవాటుపడిన నగరము జిమ్ రీవ్సును సులువుగా తనవాని చేసికొన్నదనుటలో ఆశ్చర్యము లేదు.

కలకత్తా గార్డెన్‌రీచ్ కేంద్రముగా నడచిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో, పిదప ఆగ్నేయ రైల్వేలో, తెలుగువారు పెద్దసంఖ్యలో కొలువు చేసిరి. ఖడగ్‌పూర్ రైల్వే కాలనీలలో తెలుగు కుటుంబములును ఆంగ్లో ఇండియను కుటుంబములును ఇరుగుపొరుగుగా నివసించినవి. కొలువు కొరకు సొంత ఊరిని విడిచి వచ్చినవారికి ఇంటిని తలచుకొను పాట ఏ భాషలోనిదైనను అర్థమగును. రైల్వేకార్మికుడు జిమ్మీ రోజర్స్ ప్రారంభించిన గానపరంపర రైల్వే ఊళ్లలో ఆదరము పొందుట సహజమే.

రికార్డుపై విన్న పాటను ఎదుట వినుటకు పార్క్ స్ట్రీటు ఉండెను. మొకాంబో, బ్లూ ఫాక్స్, ట్రింకాస్ మొదలగు భోజనశాలలలో ప్రతి సాయంకాలము వాద్యబృందములు కచేరీ చేయుచుండెను. పామ్ క్రెయిన్ అను గాయని, లూయీ బ్యాంక్స్ అను పియానో విద్వాంసుడు అచ్చట కీర్తిని గడించిరి. 1969లో బొంబాయినుండి వచ్చిన తమిళ యువతి ఉషా అయ్యర్ ట్రింకాస్ వేదిక నెక్కెను. ఆమెయే పిదప ఉషా ఉతుప్ అను పేర ప్రసిద్ధి చెందినది. పాశ్చాత్యగీతములు పాడువారు పాశ్చాత్యవేషమునే ధరింపవలెనని లోకులు తలచుచున్న రోజులలో ఆమె పట్టుచీర కట్టి, పూలు ముడిచి, పెద్దబొట్టు పెట్టుకొని, మందర గంభీరమైన కంఠముతో ఆంగ్లగీతములను పాడెను. 1952లో హాంక్ విలియమ్స్ పాడిన 'జంబలాయా' అను కంట్రీ గీతమును ఆమె తన తొలి రికార్డులలోనే పాడెను. తరువాత తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో పాడి, ఈ నగరముననే స్థిరపడి, 2011లో పద్మశ్రీని, 2024లో పద్మభూషణమును అందుకొన్నది.

ఇట్టి పాటల వలన మన సంగీతము భ్రష్టమగునని భయపడిన పెద్దలు లేకపోలేదు. వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. మూడు నిమిషముల పాటకు అలవాటుపడిన చెవికి విస్తారమైన రాగాలాపన ఓర్పును పరీక్షించునది యగును. అంగడిసరకైన పాట అంగడి రుచిని అనుసరింపకతప్పదు. కాని నిషేధమువలన రుచి ఏర్పడదని ఆనాటి అనుభవమే నేర్పినది. 1952లో కేస్కరుగారు సమాచారశాఖ మంత్రిగా నున్నప్పుడు ఆకాశవాణినుండి సినిమాపాటలు తొలగిపోగా, శ్రోతలు రేడియో సిలోను వైపు మరలిరి. 1957లో ఆకాశవాణి వివిధభారతిని ఆరంభింపవలసి వచ్చినది. మరియు పరాయిపాట మన పాటను చంపలేదు. కొన్నియెడల దానికి క్రొత్తమాటను నేర్పినది. 1975లో కలకత్తాలో ఏర్పడిన 'మొహినేర్ ఘోరాగులి' బృందమువారు బౌలుగానమును, అమెరికా గానరీతులను కలిపి బెంగాలీలో నగరజీవితమును పాడిరి. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ గిటారు పట్టి పాడిన బెంగాలీ పాటలు ఆ భాషలో నూతనయుగమును తెచ్చినవి. డిలన్ వంటి అమెరికా గాయకులను విన్న చెవి పుట్టించిన మాతృభాషాగానమది.

పార్క్ స్ట్రీటు వైభవము 1970లలో క్షీణించినది. రాజకీయ కల్లోలము, వినోదపుపన్ను, పలువురు ఆంగ్లో ఇండియనులు విదేశములకు తరలిపోవుట, ఇవన్నియు దానికి కారణములు. 1980లలో క్యాసెట్టు రికార్డును వెనుకకు నెట్టినది. ఆ దశకము మధ్యకాలమున గ్రామఫోను కంపెనీ గోయెంకాల యాజమాన్యమునకు వచ్చి, 2000లో సారెగామా అను పేరు ధరించినది. ఇప్పుడు పాటకు పళ్లెము లేదు. చేతిలోని ఫోనులో అదృశ్యముగా ప్రవహించును.

ఐనచో ప్రాతరికార్డుతో పని యేమి యని అడుగువారు ఉందురు. రికార్డుపైనున్నదంతయు ఫోనులోనికి చేరలేదు, అదియే సమాధానము. జిమ్ రీవ్సు పాటలు ఎక్కడికిని పోవు. వానిని కాపాడు కంపెనీలు, ఆదరించు కోట్ల శ్రోతలు ఉన్నారు. బీటిల్సు రికార్డు విరిగినచో మరియొకటి దొరకును. కాని ఏనాడో కొలది ప్రతులు మాత్రమే ముద్రింపబడిన తెలుగు నాటకపద్యపు రికార్డు విరిగినచో ఆ నటుని గళము మరల వినరాదు. త్యాగయ్య గళము మనకు దక్కలేదు. దానికి ఎవరిని నిందింపగలము? దక్కిన గళమును పోగొట్టుకొన్నచో నింద మనదే.

ఈ నగరమునందు మార్గదర్శకమైన కృషి జరుగుచున్నది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున 2003లో స్థాపింపబడిన స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్ హిందుస్థానీ సంగీతపు ప్రాతరికార్డులను సేకరించి కంప్యూటరులోనికి ఎక్కించినది. ఫ్రీ స్కూల్ స్ట్రీటు ప్రాతరికార్డుల అంగళ్లు ఎందరో సేకర్తలకు గురుకులములైనవి. అట్టి అంగళ్లలో బెంగాలీ, హిందీ, ఆంగ్ల రికార్డుల గుట్టల క్రింద తెలుగు అక్షరములు గల పళ్లెము కనబడినప్పుడు దానిని గుర్తుపట్టవలసినవాడు తెలుగువాడే.

ఇండ్లలో అటకలపై మిగిలిన రికార్డులను కాపాడుట కష్టసాధ్యము కాదు. వానిని ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నిలుపవలెను. ఎండకును వేడికిని దూరముగా నుంచవలెను. వేడికి లక్క వంగిపోవును. స్పిరిటుతో ఎన్నడును తుడువరాదు. లక్క దానిలో కరగును. మెత్తని పొడిగుడ్డ చాలును. రికార్డు నడిమి చీటిపై గల పేర్లను, అంకెలను వ్రాసికొని, ఒకమారు నిపుణునిచే ధ్వనిని గ్రహింపజేసి పదుగురికి పంచినచో ఆ గళమునకు మరియొక జన్మ లభించును.

ఛోటానాగపురపు కొమ్మపై పుట్టిన లక్క డమ్‌డమ్ అచ్చుల నడుమ నలిగి, ఒకచోట గౌహర్ జాన్ గొంతై, మరియొకచోట ఘంటసాల గొంతై పలికినది. దానికి స్వభాషాపరభాషా భేదము లేదు. భేదమంతయు కాపాడువారు కలిగి యుండుటలోను, లేకుండుటలోను ఉన్నది. ఇతరులు తమ పాటను కాపాడుకొనుచున్నారు. తెలుగుపాటను కాపాడుట తెలుగువారి వంతు.